కాయితంలో లేని గట్టు

నా టైపు షాపుకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అబద్ధాలు టైపు చేయించుకోవడానికే వస్తారు. కోపంతో అంటున్న మాట కాదిది, ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నాను కనుక అంటున్నాను. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేవాడు రాని పనులన్నీ వచ్చంటాడు. సెలవు కావలసినవాడు లేని జ్వరం తెచ్చుకుంటాడు. ఇళ్ళు అమ్మేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. రెండు మంచాలు వేస్తే మనిషి పక్కకి తిరగడానికి చోటుండని గదిని "విశాలమైన పడకగది" అని కొట్టమంటారు. నేనూ కొట్టేవాణ్ణి. పేజీకింత అని తీసుకునేవాడికి ఆ గదిలో ఎవరు పడుకుంటే ఏం?

నా చేత నిజాలు టైపు చేయించిన మనిషి ఒక్కతే, తాళాలక్క.

ఊరి చివర, బస్సులు వెనక్కి తిరిగే చోట మా కాలనీ. నలభై, నలభై అయిదేళ్ళ కిందట నెలజీతగాళ్ళు కూడబెట్టి కట్టుకున్న ఒంటి అంతస్తు ఇళ్ళు. ముందు ఒక స్కూటరు పట్టేంత జాగా, ఇనప గ్రిల్లు వరండా, వెనక నాలుగు మొక్కలకీ ఒక దండేనికీ సరిపడా పెరడు. వాటిలో ఏది ఖాళీ అయినా, ఏది అమ్మకానికొచ్చినా తాళం తాళాలక్క దగ్గరికే చేరేది. బ్రోకరని ఎవరైనా అంటే ఒప్పుకునేది కాదు. తను తాళం తీసి చూపించే మనిషినేనని, ఇల్లు దానంతటది అమ్ముడుపోవాలని అనేది.

ఆమెకి ఒక పద్ధతుంది. ఇల్లు ఎవరికైనా చూపించే ముందు రోజు మధ్యాహ్నం ఒక్కతే వెళ్ళి, కిటికీలన్నీ తెరిచి, కుళాయిలన్నీ తిప్పి, ప్రతి గదిలోనూ నేల మీద కాసేపు కూర్చునేది. ఏ ఫ్యాను టకటకమంటుందో, ఏ గోడ వాసనేస్తుందో, పక్కింటివాళ్ళ టీవీ ఎంతవరకూ వినబడుతుందో అప్పుడు తెలుస్తుందట. అక్కణ్ణుంచి నేరుగా నా షాపుకొచ్చి, స్టూలు లాక్కుని, చెప్పడం మొదలుపెట్టేది. మొదట లోపాలు. అవన్నీ అయ్యాక, కింద, మిగతావి.

దుకాణం పెట్టుకుని సరుకు బాగాలేదని బోర్డు కట్టుకున్నట్టుందని నేను మొదట్లో నెత్తీ నోరూ కొట్టుకున్నాను. కొన్నాక తెలిస్తే తిట్టుకుంటారు, కొనకముందే తెలిస్తే సర్దుకుంటారు, కొట్టు తమ్ముడూ అనేది. నా చేతులు ఊరుకోక "విశాలమైన" అని కొట్టేస్తే తెర వంక వేలు చూపించి ఎన్ని అడుగులని అడిగేది. పదిన్నర అంటే, అయితే పదిన్నర అని కొట్టు అనేది. అలా ఆమె నా చేత తీయించేసిన విశేషణాలతో ఇంకో కాలనీ అమ్మొచ్చు.

చిత్రమేమిటంటే, ఆమె చూపించిన ఇళ్ళు అమ్ముడుపోయేవి. ఆలస్యంగానైనా పోయేవి, కొన్నవాళ్ళు తర్వాత ఆమెకి రోడ్డు మీద ఎదురైతే మొహం తిప్పుకోకుండా నిలబడి మాట్లాడేవాళ్ళు. తాళాలక్క కాయితంలో లేని లోపం ఆ ఇంట్లో లేనట్టేనని కాలనీలో ఒక మాట స్థిరపడిపోయింది.

ఆమెకా పేరు ఎలా వచ్చిందంటే, కొత్తగా వచ్చిన రోజుల్లో వీధిలో ఎవరు ఊరెళ్ళినా తాళం ఆమెకిచ్చి వెళ్ళేవారు. మొక్కలకి నీళ్ళు పోసేది, కిటికీలు తెరిచి మూసేది. ఒకాయనెవరో అద్దెకొచ్చేవాళ్ళకి చూపించి పెట్టమన్నాడు. అక్కణ్ణుంచి అదే పనైపోయింది. తాళంచెవులన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. వాటికి చీటీలుండవు, ప్రతిదానికీ ఒక రెక్సిన్ ముక్క కట్టి ఉండేది. ఒకటి ఎరుపు, ఒకటి గళ్ళది, ఒకటి గరుగ్గా, ఒకటి నున్నగా. డబ్బాలోకి చూడకుండానే చెయ్యి పెట్టి కావలసింది తీసేది.

ఆ రెక్సిన్ ముక్కలు ఆమె భర్తవి. ఆయన్ని అందరూ సీట్లాయన అనేవారు, బస్సులకీ స్కూటర్లకీ సీటు కవర్లు కుట్టేవాడు. మహా మితభాషి. నా షాపులో గంట కూర్చుని, టీ తాగి, లేచేటప్పుడు "వస్తా" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం గంట సిద్ధమయ్యాడేమోనని ఏడిపించేవాణ్ణి. దానికి ఆయన నవ్వేవాడు. వాళ్ళకి పిల్లల్లేరు. రెండో వీధిలో ఒక పాత ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా అద్దెకుంటున్నారు. ఆ ఇల్లు వాళ్ళది కాదన్న సంగతి వీధిలో సగం మందికి తెలియదు.

పోయినేడు ఎండలు మొదలైన రోజుల్లో ఆయన ఆ ఇంటి వెనక గుమ్మంలో తట్టుకుని, మూడు మెట్ల మీదుగా పెరట్లోకి పడ్డాడు. తల కింది మెట్టు అంచుకి తగిలింది. పందొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి, తెలివి రాకుండానే పోయాడు.

పదిహేను రోజులకి తాళాలక్క షాపుకొచ్చింది. నేను లేచి నిలబడి, స్టూలు తుడిచాను. ఆమె కూర్చుని, నాలుగో వీధిలో ఖాళీ అయిన ఇంటి లోపాలు చెప్పడం మొదలుపెట్టింది. గొంతులో తేడా లేదు. తొమ్మిది లోపాలు చెప్పి, కాయితం చదివించుకుని, తప్పులు దిద్దించుకుని వెళ్ళింది. మధ్యలో నేను తెప్పించిన టీ పొగలు కక్కుతుండగానే గడగడా తాగేసింది. నాలుక కాలిందని మర్నాడు గాని తెలియలేదట.

ఆమె ఏడవలేదు. ఏడిస్తే తేలికపడుతుందని మా ఆవిడ నాలుగుసార్లు వెళ్ళి కూర్చుంది. నాలుగుసార్లూ మా ఆవిడే ఏడ్చి వచ్చింది. గోడ మీద కాలెండరు ఆయన పడ్డ నెల దగ్గరే ఆగి ఉందని, తిప్పనా అంటే సరే అందని, తిప్పకపోయినా సరే అనేలా ఉందని చెప్పింది. నాకు మాత్రం ఒక్కసారి, వానలు తగ్గిన రోజుల్లో, షాపు మూసే వేళ, ఎవరూ లేనప్పుడు చెప్పింది.

"ఏమీ అనిపించట్లేదు తమ్ముడూ. లోపలెవరూ లేనట్టుంది. ఆ ఇంట్లో ఉంటే పొద్దున లేచి ఏం చెయ్యాలో కాళ్ళకీ చేతులకీ తెలుసు, వాటంతటవే చేసుకుపోతున్నాయి. వేరేచోటైతే స్విచ్చి ఎక్కడుందో కూడా నేనే ఆలోచించుకోవాలి. అంత ఓపిక లేదు నాకు."

ఈ మాటన్న రెండు వారాలకే ఇంటాయన వచ్చాడు. ఆ ఇల్లు వాళ్ళమ్మ కట్టించింది. ఆమె పోయాక అన్నదమ్ములిద్దరికీ వచ్చింది. తమ్ముడు అమ్మేద్దామంటున్నాడు. ఈ వచ్చినాయన అన్న, మెతకమనిషి, ఇరవై రెండేళ్ళలో అద్దె రెండుసార్లు పెంచి రెండుసార్లూ క్షమాపణ చెప్పినవాడు. ఆరు నెలలు చూద్దామని, అప్పటికీ అమ్ముడుపోకపోతే ఇక ఆ మాటెత్తనని, ఆమె ఉన్నన్నాళ్ళూ ఉండొచ్చని తమ్ముడి చేత కూడా ఒప్పించాడు. అంతా అయ్యాక చేతులు నలుపుకుంటూ, ఇల్లు చూపించే పని కూడా ఆమే చెయ్యాలన్నాడు. ఈ కాలనీలో ఇంకెవరు చూపించినా కొనేవాళ్ళు తాళాలక్క ఎందుకు చూపించలేదని అడుగుతారట.

తను ఉంటున్న గూడు తనే అమ్మిపెట్టాలి. అమ్మితే రోడ్డు మీద పడుతుంది, అమ్మకపోతే జన్మంతా ఉండిపోవచ్చు. నేనైతే ఆయన్ని గుమ్మంలోంచే పంపేసేవాణ్ణి. తాళాలక్క సరే అంది. ఆ రోజుల్లో ఆమె దేనికైనా సరే అనేది.

మర్నాడు మధ్యాహ్నం పద్ధతి ప్రకారం తన ఇంట్లోనే గదిగదికీ వెళ్ళి నేల మీద కూర్చుందట. కూర్చుని నా షాపుకొచ్చింది.

లోపాలు మొదలుపెట్టింది. ముందుగది ఉత్తరం గోడ వానలకి చెమ్మ లాగుతుంది, మంచం ఆనించకూడదు. స్నానాలగది తలుపు కింది చెక్క పుచ్చింది. వంటబల్ల పొట్టిమనిషికి కట్టింది, పొడుగువాళ్ళకి నడుం పడుతుంది. డాబా మీదికి నీళ్ళు తెల్లారి ఆరుదాకానే ఎక్కుతాయి. మధ్యగది స్విచ్చిబోర్డులో రెండోది వేస్తే మూడోది వెలుగుతుంది. వరండా గ్రిల్లు గాలికి రాత్రంతా కీచుమంటుంది, నూనె వేస్తే పది రోజులు ఆగుతుంది. నేను కొడుతూనే ఉన్నాను. పదకొండు దగ్గర ఆగింది.

తర్వాత మిగతావి చెప్పింది. ఒకటిన్నర ఇటుక గోడలు, మిట్టమధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంటుంది. ఎర్రగచ్చు ఎక్కడా పగల్లేదు, తుడిచి తుడిచి నున్నబడింది. డాబా మెట్ల కింద కొట్టుగదిలో ఒక సంసారం సామాను పడుతుంది. పెరట్లో నిమ్మచెట్టు కాపు మీదుంది. ముందుగదికీ వంటింటికీ మధ్య తలుపు లేదు, వంట చేస్తూ ముందుగదిలో మనిషితో మాట్లాడుకోవచ్చు. ఆ చివరిది చెప్పి డబ్బా మూత సరిచేసుకుంది. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు, మధ్యగది పడమటి కిటికీలోంచి మూడున్నర నుంచి అయిదుదాకా ఎండ పడుతుంది, ఆ వేళప్పుడు సూదిలో దారం ఎక్కించడానికి లైటక్కర్లేదు, అది కూడా కొట్టు అంది. కొట్టాను. తెర మసకగా కనబడి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఆమె మాత్రం కాయితం ఎప్పుడొస్తుందా అని ప్రింటరు వంక చూస్తోంది.

లోపాలు అంతేనా అని అడిగాను. అంతే అంది.

పన్నెండోది నాకు తెలుసు. వంటింటి వెనక గుమ్మానికి అడ్డంగా నాలుగు వేళ్ళ ఎత్తున ఒక సిమెంటు గట్టు ఉంది. వెళ్ళినవాళ్ళెవరికైనా మొదటిసారి కాలికి తగులుతుంది. దానికి తట్టుకునే సీట్లాయన పడ్డాడు. ఆమె చేయించిన ఇన్ని కాయితాల్లోనూ ఉన్న లోపం రాయనిది ఇదొక్కటే. నేను తవ్వదలుచుకోలేదు. ముక్కుసూటితనానికీ ఒక హద్దుంటుంది కదా, ఈ ఒక్కటీ కడుపులో దాచుకోనీ అనుకుని ప్రింటు తీసిచ్చాను.

మొదట వచ్చినవాళ్ళు ఉత్తరం గోడ మీద అరచెయ్యి పెట్టి చూసి, మళ్ళీ చెబుతామని వెళ్ళారు. రెండో వాళ్ళలో ఆవిడ నిట్టనిలువు మనిషి, వంటబల్ల దగ్గర వంగి చూసుకుని పెదవి విరిచేసింది. ఇంకో ఇద్దరు కాయితం చదివి లోపలికే రాలేదు. నాలుగు నెలలు అలాగే నడిచాయి. ఇంటాయన తమ్ముడికి అనుమానం పుట్టింది. ఇంట్లోంచి కదలడం ఇష్టం లేక ఆమె కావాలనే జనాన్ని బెదరగొడుతోందని ఫోనులో అన్నమీద ఒంటికాలి మీద లేచాడట. అన్న ఆమెకి ఫోను చేసి, లోపాలు కాస్త మెల్లగా చెప్పమని బతిమాలాడు. నమ్మకం లేకపోతే తాళం ఇంకెవరికైనా ఇవ్వమంది ఆమె. ఆయన మళ్ళీ క్షమాపణ చెప్పుకుని పెట్టేశాడు.

నాకు మాత్రం పండుగలాగుంది. రోజూ షాపు గోడ మీద కాలెండరు చూసుకునేవాణ్ణి. ఒకరోజు ఉండబట్టలేక, పెరట్లో పామొకటి తిరుగుతోందని పన్నెండో లోపం వేసేద్దామా అక్కా అన్నాను. పన్నెండు అనగానే నాలుక కరుచుకున్నాను. ఆమె పట్టించుకోలేదు. లేనిది రాస్తే ఉన్నది కూడా నమ్మరంది. లేవబోయి మళ్ళీ కూర్చుంది.

"లోపాలు చెబితే ఇల్లు నాకే మిగులుతుంది. ఇన్నేళ్ళూ నిజమని చెప్పాను, ఇప్పుడు నాకోసం చెబుతున్నానేమోనని నాకే అనుమానంగా ఉంది. పోనీ మానేద్దామంటే కొనేవాళ్ళకి అన్యాయం. ఎటూ కాళ్ళాడట్లేదు తమ్ముడూ."

నిజం చెప్పడం వల్ల ఒక్కసారైనా నీకు లాభం వస్తే భూమి తల్లకిందులవదని కసిరాను. నా కసురు ఆమెకి అలవాటే. డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంక పదకొండు రోజులే ఉన్నాయనగా కళ్ళజోళ్ళాయన వచ్చాడు. బజారులో ఆయనకి కళ్ళజోళ్ళ షాపుంది, నా కళ్ళజోడు అక్కడిదే. ఆయన, భార్య, భార్య తల్లి. ఆ ముసలావిడ చేతికర్ర పట్టుకుని, ప్రతి అడుగూ ముందు కర్రని అడిగి వేస్తుంది. ఇప్పుడున్నది మూడో అంతస్తట, కిందికి దిగి ఏడాదైందట. ఇల్లెక్కడని నన్నడిగారు. దారి చూపించే వంకతో షాపు మూసి నేనూ వెళ్ళాను. వంకేమిటి, ఎలా పారిపోతారో చూద్దామని వెళ్ళాను.

ఆయన కాయితం చేతిలో పట్టుకుని ఒక్కో లోపం దగ్గరికీ వెళ్ళి చూసుకున్నాడు. గోడ మీద గోరుతో గీశాడు. రెండో స్విచ్చి వేసి మూడో లైటు వెలిగితే తల ఊపాడు. భార్య వంటబల్ల దగ్గర నిలబడింది, ఆమె ఎత్తుకి సరిగ్గా సరిపోయింది. నాకు మొదటిసారి భయమేసింది. సరిగ్గా నాలుగైంది. మధ్యగది నేల మీద ఎండ పరుచుకుని ఉంది. ముసలావిడ అందులో కాసేపు నిలబడి, కాళ్ళకి బాగుందంది. తర్వాత పెరడు చూస్తానని కర్ర తాటించుకుంటూ వంటింట్లోంచి వెనక గుమ్మం వైపు బయలుదేరింది.

తాళాలక్క ముందుగదిలో ముసలావిడ కూతురికి ఏదో చెబుతోంది. మాట మధ్యలో ఆపేసింది. నేనెప్పుడూ ఆమె పరుగెత్తడం చూడలేదు. వెళ్ళి ముసలావిడ భుజం పట్టుకుని ఆపింది. మేమందరం వంటింట్లోకి వచ్చాం. కాయితంలో చెప్పని లోపం ఇంకేమైనా ఉందా అని కళ్ళజోళ్ళాయన మర్యాదగానే అడిగాడు.

ఆమె గట్టు వంక చూస్తూ చెప్పింది. నాలుగో వీధి ఇంటి సంగతి చెప్పినట్టే చెప్పింది.

"ఇది కాయితంలో లేదు. నేనే రాయించలేదు. వాన నీళ్ళు వంటింట్లోకొస్తున్నాయని పద్నాలుగేళ్ళ కింద మేస్త్రీని పిలిచి నేనే పోయించాను. పోయినేడు మా ఆయన పరుపు ఎండలో వేద్దామని ఎత్తుకొస్తున్నారు. కింద ఏముందో కనపడదు కదా. దీనికే తట్టుకుని పడిపోయారు. నేనిక్కడే పొయ్యి దగ్గర ఉన్నాను. ఆయన రావడం చూశాను. గట్టుందని ఒక్క మాట అనొచ్చు. పద్నాలుగేళ్ళ నుంచి దాటుతున్నారు, తెలుసు కదా అనుకున్నాను."

ఏడాదిగా ఆ మాట లోపల పెట్టుకునే ఆమె నా స్టూలు మీద కూర్చుని ఊరందరి ఇళ్ళ లోపాలూ చెప్పింది. ముక్కూమొహం తెలియనివాళ్ళని కూడా తలుపు చెక్క పుచ్చిందని హెచ్చరించే మనిషి, సొంత మనిషిని హెచ్చరించలేదు. ఇంట్లోవాడు కదా, తెలుసు కదా అనుకుంది. హెచ్చరించేది కొత్తవాళ్ళనేనని ఆమె పని నేర్పిన తప్పిది. నాకు ఏడుపొచ్చింది. ఆమెకి రాలేదు. ముసలావిడ కర్రని ఎడమచేతికి మార్చుకుని, కుడిచేత్తో ఆమె మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

వాళ్ళు వెళ్ళిపోయారు. ఇక కొనరని నాకు గట్టి నమ్మకం. మనిషి పడిన చోటు, అదీ ఇంట్లో ముసలావిణ్ణి పెట్టుకుని, ఎవరు కొంటారు? సిగ్గుపడాల్సిన సంగతే గాని చెబుతున్నాను, నడుస్తున్నంతసేపూ కాలెండరులో పదకొండు రోజులు లెక్కేసుకుంటూనే వచ్చాను.

మర్నాడు పొద్దున్నే కళ్ళజోళ్ళాయన నా షాపు ముందు నిలబడి ఉన్నాడు. అగ్రిమెంటు టైపు చేయించాలన్నాడు. నేను తెల్లబోయి, అంతా విన్నాక కూడానా అన్నాను.

"వినబట్టేనండీ. నలభై ఏళ్ళ ఇల్లు కొంటుంటే చెమ్మకీ చెదకీ భయపడలేదు నేను, చెప్పకుండా దాచే మనిషికే భయపడ్డాను. ఆవిడ ఆ మాట కూడా చెప్పేశాక ఇంక ఈ ఇంట్లో దాచిందేముంటుంది? మా అత్తగారైతే ఆ ఇల్లు కాకపోతే ఏదీ వద్దంటున్నారు. గట్టు తీయించేస్తాం లెండి."

కాలనీలో అందరం ఇన్నేళ్ళుగా అంటున్న మాటే అది. తాళాలక్క కాయితంలో లేని లోపం ఆ ఇంట్లో లేనట్టే. ఆ పేరే ఇప్పుడు ఆమె ఇంటిని అమ్మేసింది. ఆ అగ్రిమెంటు కొడుతూ నేను చేసినన్ని తప్పులు పని నేర్చుకునే రోజుల్లో కూడా చెయ్యలేదు.

సాయంత్రం వెళ్ళి చెప్పాను. ఆమె నిమ్మచెట్టుకి నీళ్ళు పోస్తోంది. సరే అంది. వానలు రాకముందే ఉత్తరం గోడకి మందు కొట్టించుకోమని ఆయనకి గుర్తుచెయ్యి అంది. చెంబులో మిగిలిన నీళ్ళు కూడా చెట్టుకే పోసింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక నేను ఇంటికెళ్ళి మా ఆవిడ మీద కోప్పడ్డాను.

మా షాపుకి రెండిళ్ళ అవతల మేడ మీద ఒంటిగది చూశాం. దాని లోపాలు ఆమే ఒకప్పుడు నాచేత కొట్టించింది, ఏడు. సామాను మార్చే రోజుకి రెండు రోజుల ముందే కళ్ళజోళ్ళాయన మేస్త్రీని పంపించాడు. ముసలావిడ కోసం తొందరట. మేస్త్రీ గంటలో గట్టు పగలగొట్టేసి, గచ్చుకి సమానంగా సిమెంటు పూసి, నున్నగా చెయ్యి తిప్పాడు. తాళాలక్క పొయ్యి దగ్గర నిలబడి మొదట్నుంచి చివరిదాకా చూసింది. నేనూ అక్కడే ఉన్నాను. అయిపోయాక మేస్త్రీకి మంచినీళ్ళిచ్చి, పెచ్చులు తనే ఊడ్చింది. ఆ చోట ఇప్పుడు కొత్త సిమెంటు రంగు చార మాత్రం ఉంది.

సామాను పెద్దగా లేదు. ముందు వీధిలో గొట్టాల కోసం గొయ్యి తవ్వారని ట్రాలీ ఆటోని వెనక సందులో పెట్టారు. అంతా వెనక గుమ్మంలోంచే మోశాం. కుట్టుమిషను, గిన్నెల పెట్టె, బిస్కెట్ల డబ్బా వెళ్ళిపోయాయి. ఆమె ఖాళీ గదులన్నీ ఊడ్చి, రెక్సిన్ ముక్క కట్టిన ఆ ఇంటి తాళంచెవి వంటబల్ల మీద పెట్టింది. ఈ ఇంటిది ఆకుపచ్చ ముక్కని నాకు అప్పుడే తెలిసింది.

ఆఖరికి మిగిలింది పరుపు. ఆయనదే, ఏడాదిగా చుట్టి కొట్టుగదిలో ఉంది. నేను దాన్ని రెండు చేతులా ఎత్తుకున్నాను. నిండా దూది, గడ్డందాకా వచ్చింది. ముందేముందో, కాళ్ళకింద ఏముందో ఏమీ కనబడటం లేదు. అలవాటైన ఇల్లు కనుక వంటింట్లోంచి గుమ్మం వైపు అంచనాగా నడుస్తున్నాను. ఆమె పొయ్యి ఉండే చోట నిలబడి ఉంది.

"ఏమండీ, గట్టుంది. కాలెత్తండి."

గొంతు పగిలింది. ఇరవై రెండేళ్ళలో ఆమె నన్ను తమ్ముడూ అని తప్ప ఇంకోలా పిలవలేదు. ఆ మాట నాతో అన్నది కాదని తెలుసు. అక్కడ గట్టు లేదని కూడా తెలుసు, రెండు రోజుల కిందట ఇద్దరం దగ్గరుండి చూశాం. నేను వెనక్కి తిరగలేదు. సరేనన్నాను. కాలు నాలుగు వేళ్ళ ఎత్తుకి బాగా పైకెత్తి, ఏమీ లేని ఆ చోటుని దాటి, మూడు మెట్లూ ఒక్కొక్కటే దిగాను. పరుపుతో కింద నేల మీద నిలబడ్డాక, వెనక ఆమె ఏడవడం మొదలుపెట్టింది.